ఆఫ్రికా నవల వెంట పులివెందుల దాకా

కడప జిల్లాకు వెళ్లొచ్చానని చెప్పగానే మా వీధిలో అందరూ లడ్డు కోసం చెయ్యి చాపారు. తిరుపతి ఉన్నది చిత్తూరు జిల్లాలోనని, నేను వెళ్లింది దేవుడి దర్శనానికి కాదని, నా పుస్తకం చదివినవాళ్లను చూడటానికని ఎంత చెప్పినా లడ్డు దాచుకున్నాననే అనుకున్నారు. గుంటూరులో కూర్చుని మనం కడప జిల్లా గురించి ఎండ, రాళ్లు, కత్తులు అని చెప్పుకుంటాం. ఎండా రాళ్లూ నిజమే. కత్తి మాత్రం ఒక్కటే చూశాను. దానితో నాకు పుచ్చకాయ కోసి పెట్టారు.

ఇంత దూరం ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. నేను ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మన రాష్ట్రం ఏర్పడిన మూడు నాలుగేళ్లకు, లండనులో చదువుకొచ్చిన స్నేహితురాలు ఒకామె ఆఫ్రికా రచయితల పుస్తకాలు కొన్ని తెచ్చిచ్చింది. మొదటిది మర్యాదకు మొదలుపెట్టాను. నాలుగోది అయ్యేసరికి మద్రాసు కొట్లకు ఉత్తరాలు రాసి మరిన్ని తెప్పించుకునే స్థితికి వచ్చాను. వాటిలో ఒక నవలను పట్టుబట్టి తెలుగు చేశాను. పశ్చిమ ఆఫ్రికాలో ఒక మెట్ట ఊరు, రెండేళ్లు వాన ఉండదు. బింటా అనే ఆవిడ విత్తనాల కుండను వండుకోకుండా కాపాడుతుంది. కూతురికి పెట్టడానికి ఏమీ లేక, కనీసం తిండైనా దొరుకుతుందని మిషన్ బడి గేటు దగ్గర ఆ పిల్లను వదిలి వస్తుంది. చివరికి వాన పడుతుంది, బింటా విత్తుతుంది. కథ అక్కడితో ఆగుతుంది.

బెజవాడ ప్రచురణకర్త ఒకాయన దాన్ని అచ్చు వేశాడు. ఎవరూ కొనలేదు. ఒక పత్రికలో భాష బాగుంది గాని విషయం మనకు దూరం అని రాశారు. కాలేజీలో తోటి వాళ్లు నన్ను కొన్నాళ్లు బింటా గారూ అని పిలిచారు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆఫ్రికా పుస్తకాలన్నీ పెట్టెలో పడేసి తాళం వేశాను. బింటా కథకు తరవాయిగా ఆ రచయిత రాసిన రెండో నవల కూడా అందులోనే ఉంది, ఒక్క పేజీ తిప్పలేదు. మూడేళ్లు అలా గడిచాయి. నిజం చెప్పొద్దూ, ఆ మూడేళ్లలో ఏ పుస్తకమూ నాకు రుచించలేదు.

ఈ వేసవిలో ప్రచురణకర్త రాశాడు. రెండో నవల అనువదిస్తానో లేదో నెలాఖరులోగా తేల్చాలి, ఆ తరవాత హక్కు చేజారిపోతుంది. చెయ్యనని రాయడానికి కూర్చున్న వారంలోనే ప్రొద్దుటూరు నుంచి కార్డు వచ్చింది. అక్కడి గ్రంథాలయానికి చెందిన నా పుస్తకం చదివి చదివి అరిగిపోయిందట, ఇంకొకటి పంపమని అడిగారు. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. తేల్చుకోవడానికి బయలుదేరాను.

ప్రొద్దుటూరు

ఊరు మొదట ముక్కుకు తెలుస్తుంది. నూనె మిల్లుల్లో వేరుశనగ ఆడిన వాసన వీధులన్నీ కమ్ముకుని ఉంటుంది. ఆ వాసనలోనే బంగారం కొట్లు వరసగా ఉన్నాయి. ముందు గది మాత్రమే ఉన్న చిన్న కొట్టులో కూడా ఇద్దరు పనివాళ్లు వంగి కూర్చుని తీగ లాగుతుంటారు. మా గుంటూరులో బంగారం కొనేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇక్కడ కూరగాయల బేరంలా బయటికే అరుచుకుంటున్నారు. నాకు అదే నచ్చింది.

ఒక పాక హోటల్లో పదిహేను పైసలకు కారం దోసె పెట్టారు. దోసె మీద ఎర్రగా పూసినదాన్ని చూసి నేను వెనక్కి తగ్గలేదు. మిరపకాయలకు పేరుపడ్డ జిల్లా నుంచి వచ్చినదాన్ని, నాకు కారం ఒక లెక్కా అనుకున్నాను. రెండో ముక్కకే కళ్లు కారాయి. వడ్డించే ఆవిడ మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది. ఆ మజ్జిగకు ఇంకా సిగ్గుపడ్డాను.

గ్రంథాలయం బజారు వెనక సందులో, నాపరాళ్లు పరిచిన గదిలో ఉంది. చాంద్ బాషా గారు దాని అధికారి. సన్నటి మనిషి, కళ్లద్దాలకు ఒక వైపు దారం. గోడ మీద స్వయంగా రాసిన నియమాల పలక ఉంది. పద్నాలుగు రోజులకు పుస్తకం తిరిగి ఇవ్వాలి, పుస్తకంలో గీతలు గీయకూడదు. కార్డు మీద సంతకం చేసింది తనేనన్నారు. పుస్తకం మీద నా పేరు చూసి మగమనిషి అనుకున్నారట, నన్ను చూసి లేచి కుర్చీ తుడిచారు.

నా పుస్తకం ఎక్కడ అని అడిగాను. ఆయన పలక వైపు ఒకసారి చూసి చెప్పారు. జమ్మలమడుగులో రూతమ్మ అనే పంతులమ్మ తీసుకుపోయింది, ఆమె నుంచి సింహాద్రిపురం దగ్గర పల్లెకు పోయింది, పోయి ఏడాది దాటింది.

"రూలు రాసింది నేనే, తప్పింది నేనేమ్మా. ఒకసారి తిరిగి తెచ్చినారు. తెరిచి చూస్తే పెన్సిలు రాతలు. నాకు శానా కోపమొచ్చింది. కూచ్చోని ఆ రాతలు చదివినా. మళ్లీ వాళ్లకే ఇచ్చి పంపించినా."

ఏం రాశారని ఎంత అడిగినా చెప్పలేదు. వెళ్లి చూసుకొమ్మన్నారు. నా పుస్తకం మీద ఎవరో పల్లెటూరి మనిషి పెన్సిలు పెట్టాడనే మాటతో నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

జమ్మలమడుగు

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్లో గొర్రెపిల్ల ఉంది. అది నా గొడుగు పిడిని నమలడం మొదలుపెట్టింది. ఆయన ఎంతో గౌరవంగా క్షమించమన్నాడు గాని, గొర్రెపిల్లను మాత్రం ఆపలేదు. దారికి రెండు పక్కలా నల్లరేగడి నేల నెర్రెలిచ్చి ఉంది. మా వైపు మే నెలలో కాలవ కట్టేస్తే నీళ్లు లేవని గోల పెడతాం. ఇక్కడ కట్టేయడానికి కాలవే కనబడలేదు.

రూతమ్మ బడి పక్కనే చిన్న నాపరాతి మిద్దెలో ఉంటుంది. నలభై దాటిన మనిషి, తెల్ల చీర, గొంతు మాత్రం నలుగురికి సరిపోయేంత. నేను ఎవరో చెప్పగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. జొన్నరొట్టె, వేయించిన వేరుశనగలతో రోట్లో నూరిన ఊరిబిండి పెట్టింది. రొట్టె నేను కొరికితే తెగలేదు. ఆమె నవ్వి, రొట్టెను ముక్కలు చేసి ఊరిబిండిలో అద్ది నా చేతికిచ్చింది. తరవాత మూడు రొట్టెలు తిన్నాను.

సాయంత్రం పుచ్చకాయ తెద్దామని నడిపించింది. ఇసుకలో చాలాసేపు నడిచాక పెన్నానది ఇంకా ఎంత దూరం అని అడిగాను. మనం నడిచేది దానిమీదేనంది. ఎండిన నది ఇసుకలో వేసిన పుచ్చకాయల మడి చూశాను. ముసలాయన ఒకడు పెద్ద కత్తితో కాయ కోసి, ఆడపిల్ల పరదేశం నుంచి వచ్చిందని డబ్బు పుచ్చుకోలేదు. గుంటూరు ఆయనకు పరదేశమే.

అక్కడే ఇసుకలో కూర్చుని రూతమ్మ తన సంగతి చెప్పింది. వెనకటి కరువులో వాళ్ల ముత్తవ్వను, అప్పటికి ఏడేళ్ల పిల్లను, తల్లి తెచ్చి మిషన్ వాళ్ల దగ్గర వదిలి పోయిందట. అక్కడ పూటకు ఇంత గంజి పోసేవాళ్లు. ఆ పిల్ల బతికింది, చదువుకుంది, రూతమ్మ వంశమంతా ఆమె నుంచే. తల్లి మళ్లీ రాలేదు. గంజి కోసం మతం పుచ్చుకున్నవాళ్లని ఊళ్లో ఇప్పటికీ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. చిన్నప్పుడు రూతమ్మకు కూడా ఆ తల్లి మీద కోపమే ఉండేది.

"మీ పుస్తకంలో బింటా ఆ గేటు కాడ బిడ్డను ఇడిసిపెట్టి, తిరిగి చూడకుండా పోతాది గదా. తిరిగి చూస్తే పోలేనని చూడలేదు. అది చదివినాక మా ముత్తవ్వను కన్నామె మీద నాకు కోపం పోయింది," అంది రూతమ్మ.

నేను ఆ అధ్యాయం అనువదించి అచ్చు తప్పులు దిద్దినప్పుడు, వాక్యాలు ఎంత బాగా కుదిరాయో చూసుకుని మురిసిపోయాను. అది ఎవరి కోపాన్నో తీసేసే పని చేస్తుందని నాకు తోచలేదు. పుచ్చకాయ గింజలు ఏరుతూ కూర్చున్నాను.

ఆ పల్లె రూతమ్మ పుట్టిల్లే. పోయిన వేసవిలో పుస్తకం తనే అక్కడికి పట్టుకెళ్లిందట, ఒక్కసారి గ్రంథాలయంలో చూపించి తెచ్చుకున్నాక వాళ్లు ఇక ఇవ్వబోమన్నారట. తనూ వస్తానంది.

పులివెందుల

పులివెందులలో ఎక్కువసేపు లేము. బస్టాండు దగ్గర నానబెట్టిన బొరుగులతో, అంటే మన మరమరాలతో చేసిన ఉగ్గాని, పొడుగు మిరపకాయ బజ్జి తిన్నాం. ఇంటి నుంచి తెచ్చుకున్న కాఫీ పొడి సంచిలో ఒలికి నా తెల్ల చీరలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. కాఫీ లేకపోతే నాకు తలనొప్పి వస్తుందని ముప్ఫై ఏళ్లుగా నమ్ముతున్నాను. ఆ రోజు రాలేదు. చుట్టూ కనబడే గుట్టలు చూస్తూ, అవి ఒట్టి రాళ్లంటూ మనవాళ్లు చెప్పేది ఎంత చూడకుండా చెప్పే మాటో అనుకున్నాను. గుట్టల కింద ఎర్రనేల దున్ని పెట్టి ఉంది. ఊరూ పొలమూ అంతా వాన కోసం సిద్ధంగా ఉన్నాయి.

సింహాద్రిపురం దగ్గర పల్లె

ఆ పల్లెలో మేం వెళ్లేసరికి పొద్దున పది గంటలు. మిద్దె ముందర పందిట్లో పాతిక మంది ఆడా మగా కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. విత్తనానికి పనికొచ్చే కాయను మరలో వెయ్యరు. మరలో పప్పు చితుకుతుంది, చితికింది మొలవదు. అందుకని వానలకు ముందు నెల రోజులు ఒకరింటి కాయలు ఒకరు చేత్తోనే ఒలిచి పెట్టుకుంటారు. వేళ్ల చివర్లు పుండ్లవుతాయి. కాలం గడవడానికి ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి. చదివేవాళ్లు ఒలవనక్కర్లేదు. పూర్వం పురాణాలు చదివించుకునేవారట. ఏడాదిగా నా పుస్తకం చదివించుకుంటున్నారు, అప్పుడే మూడోసారి.

చదువుతున్నది ఓబులేసు. రెండో యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో మిలిటరీ లారీ నడిపి వచ్చినవాడు. గోనెగుడ్డ అట్ట కుట్టిన పుస్తకం నా చేతిలో పెట్టాడు. తెరిచాను. అన్నం అని ఉన్న చోటల్లా కొట్టేసి సంగటి అని రాశారు. వడ్లు అని ఉన్న చోటల్లా కొర్రలు అని రాశారు. మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒక్కటీ వదల్లేదు. నా కాలేజీ పిల్లలు ఇలా చేసుంటే బెంచీ ఎక్కించి ఉండేదాన్ని. ఎవరి పని ఇది అని అడిగాను, గొంతు కాస్త పెద్దదే అయింది.

నాదేనన్నాడు ఓబులేసు, ఏమాత్రం జంకకుండా.

"మీరు కోప్పడకుంటే చెప్తామ్మా. వడ్లు పండే ఊరయితే అది తడినేల. ఆడ కాలవో చెరువో ఉంటాది. అట్లయితే రెండేండ్లు వాన రాలేదని ఆయమ్మ కుండ పట్టుకోని అంత అగసాట్లు ఎందుకు పడతాది? మెట్టనేల మనిషి గాబట్టే పడింది. మెట్టలో వరి యాడ పండుతాది? మా లారీ చెడిపోయి నేను వాళ్ల గుడిసెలో తిన్యా. ముద్ద చేసి పెట్టినారు. అది సంగటే."

ఆయన ఉన్నది తూర్పున, నవల జరిగింది పడమట అని వాదించబోయాను. మానుకున్నాను. ఎందుకంటే మూలంలో వరి లేదు. చిన్న గింజల ధాన్యం అనే ఉంది, దాన్ని దంచి వండిన ముద్ద అనే ఉంది. నాకు తెలుసు. తెలిసే మార్చాను. కథానాయిక సంగటి తింటే గుంటూరు, బెజవాడల్లో చదివేవాళ్లకు మోటుగా ఉంటుందని, నాలుగు మెతుకులు అన్నం పెడితే గౌరవంగా ఉంటుందని అనుకున్నాను. దూరదేశం కథని పత్రికవాళ్లు అన్నందుకు మూడేళ్లు అలిగాను గాని, ఆ దూరాన్ని పెట్టింది నేనే. పందిట్లో అందరి ముందూ అదే చెప్పాను. అంతమంది ముందు తప్పు ఒప్పుకోవడం నా ఉద్యోగంలో అలవాటు లేదు.

వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. వాళ్లకు కావలసింది వేరే ఉంది. సుబ్బమ్మ అనే ముసలావిడ, ఆ రోజు ఒలుస్తున్న కాయలు ఆమెవే, చేట పక్కన పెట్టి నా వైపు జరిగింది. బింటా కుండలో విత్తనాలతో పాటు ఏం వేసిందని అడిగింది. పుస్తకంలో ఆ చోట ఏదో పోయిందని, దాని మీద పోయినేడు రెండు రోజులు పోట్లాడుకున్నామని చెప్పింది. వేపాకు అని కొందరు, ఎర్రమన్ను అని కొందరు, బూడిద అని తను.

మూలంలో అక్కడ ఒక పేజీ ఉంది. విత్తనం ఎలా దాచాలో బింటా కూతురికి నేర్పే పేజీ. పాఠకులకు విసుగని నేను దాన్ని ఎత్తేసి, బింటా విత్తనాలను జాగ్రత్తగా దాచింది అని ఒక ముక్క రాశాను. గుంటూరులో ఎవరూ ఆ లోటు కనిపెట్టలేదు.

మూల పుస్తకం నా దగ్గర లేదు. కళ్లు మూసుకున్నాను. ఆశ్చర్యం, ఆ పేజీ మొత్తం జ్ఞాపకం వచ్చింది. చెప్పడం మొదలుపెట్టాను. బింటా వంటపొయ్యి బూడిదను గుడ్డలో జల్లిస్తుంది. పిల్ల చేత దాన్ని విత్తనాలకు పట్టిస్తుంది. కుండ మూతికి మట్టీ పేడా కలిపి మెత్తుతుంది. పొయ్యి పొగ తగిలేలా కప్పు కింద వేలాడదీస్తుంది. ఆకలితో చూసే కళ్లకు అందకుండా ఎత్తున కట్టాలి, అందులో మన కళ్లు కూడా ఉన్నాయి అని పిల్లకు చెబుతుంది. ఈసారి ఏ మాటనూ గౌరవంగా మార్చలేదు. చెబుతుంటే మూడేళ్లుగా లేనిదేదో గొంతులోకి వచ్చింది. మొదటిసారి ఆ పుస్తకం చదివిన రోజు సంతోషం అది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

బూడిద అనగానే సుబ్బమ్మ ఎర్రమన్ను వాళ్ల వైపు ఒక్క చూపు చూసింది. మళ్లీ నన్నే అడిగింది.

"ఆ మిషన్ కాడ ఇడిసిపెట్టిన బిడ్డ ఏమాయ?"

పందిట్లో కాయలు చిట్లే చప్పుడు తగ్గింది. నా పక్కన రూతమ్మ తల వంచుకుని చీర కొంగు సర్దుకుంటోంది. ఆ పిల్ల గురించే రచయిత ఇంకో పుస్తకం రాశాడని చెప్పాను. అందులో ఏముందని అడిగింది సుబ్బమ్మ. నాకు తెలియదన్నాను. దొరకలేదా అంది. మూడేళ్లుగా మా ఇంట్లోనే ఉంది, చదవలేదన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. నిజంగా అర్థం కాక నా మొహంలోకి చూసింది.

"మాకు చదువు రాదు గాబట్టి ఓబులేసప్ప కోసరం కాసుకోని కూచ్చుంటాం. నీకేమొచ్చిందమ్మా?"

నా దగ్గర ఉన్న సమాధానాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. పత్రికలో వచ్చిన మాట, తోటి వాళ్ల వెటకారం, అమ్ముడుపోని పుస్తకాలు. ఆ ముసలావిడ పుండ్లు పడ్డ వేళ్ల ముందు ఒక్కటీ చెప్పడానికి పనికి రాలేదు. చదువుతానన్నాను.

గుంటూరు

ఇంటికి వచ్చిన రోజు స్నానం చేసి, కాఫీ కూడా పెట్టుకోకుండా పెట్టె తాళం తీశాను. వంట చెయ్యలేదు. ఆవకాయ, చల్లన్నంతో రెండు పూటలు నెట్టి మరునాటి సాయంత్రానికి పుస్తకం ముగించాను. పెట్టెలో ఇంకా పదకొండు ఉన్నాయి, బల్ల మీదికి తెచ్చి వరసగా పెట్టుకున్నాను. ప్రచురణకర్తకు అనువాదం చేస్తానని రాశాను. మొదటి పుస్తకం మళ్లీ అచ్చు వేసేటట్లయితే అన్నం తీసేసి సంగటి పెట్టాలని, ఎత్తేసిన పేజీని తిరిగి చేర్చాలని షరతు కూడా పెట్టాను. ఆయన నష్టం సంగతి ఎత్తుతాడు, నేను ఊరుకోను.

కాని అంతకు ముందే ఇంకొక ఉత్తరం రాశాను. సుబ్బమ్మకు, ఓబులేసు చదివి వినిపించాలని పైన రాసి, దాని నకలు రూతమ్మకు. పిల్ల బతికింది. మిషన్ బడిలో చదివి అక్కడే పంతులమ్మ అయింది. ఇరవయ్యేళ్ల తరవాత తల్లిని వెతుక్కుంటూ కాలినడకన ఆ ఊరు వచ్చింది. బింటా వాకిట్లో కూర్చుని విత్తనాలు చెరుగుతోంది. ఇంతవరకు రాశాను. తల్లి ఆమెను గుర్తుపట్టిందో లేదో మాత్రం రాయలేదు. అది కాయలు ఒలుస్తూ వినవలసిన సంగతి.